రోమ్‌లో క్యూ కట్టా... హిందూపురంలో మాత్రం ఎప్పుడూ దిగలేదు!

పోయినేడాది ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి పది రోజులు ఇటలీ వెళ్లొచ్చా. ప్లాన్ చాలా సింపుల్: రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్. ఊరి నుంచి ఊరికి రైల్లోనే. రోమ్‌లో ఎక్కితే గంటన్నరలో ఫ్లోరెన్స్, అక్కడి నుంచి ఇంకో రెండు గంటల్లో వెనిస్. బొమ్మలూ, శిల్పాలూ, చర్చిలూ చూడాలనుకునేవాళ్లకు ఇంతకన్నా సుఖమైన దారి లేదు.

వాటికన్‌లో సిస్టీన్ చాపెల్‌కు ముందే టికెట్లు బుక్ చేసుకున్నాం. అయినా క్యూ తప్పలేదు. లోపల ఫొటోలు తియ్యనివ్వరు, మాట్లాడితే గార్డులు ఊరుకోరు. మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ నిలబడ్డా. పైకప్పు మీది బొమ్మల్ని మైకెలాంజెలో 1508-1512 మధ్య వేశాడు. బలిపీఠం వెనక గోడ మీద 'తుది తీర్పు' వేసింది 1536-1541 మధ్య.

ఆ రాత్రి నాయనకు వీడియో కాల్ చేసి ఇదంతా వర్ణించా. ఓపిగ్గా విన్నాడు.

"పైకప్పుకు బొమ్మలా? మన లేపాక్షిలో గూడా ఉంటాయంట కదరా" అన్నాడు.

"నువ్వు చూసినావా?"

"యాడ చూసేది. రైలు దిగితే కదా!"

ఫోన్ పెట్టేశాక గూగుల్ చేశా. లేపాక్షి వీరభద్రస్వామి గుడి విజయనగర రాజు అచ్యుత దేవరాయల కాలంలో, 1530లలో కట్టింది. అంటే రోమ్‌లో మైకెలాంజెలో గోడ ముందు నిలబడ్డ రోజుల్లో, అటూ ఇటుగా, మా పక్కన కూడా ఎవరో పరంజా ఎక్కి పైకప్పుకు రంగులు వేస్తున్నారు. నాకు 28 ఏళ్లు. ఆ సంగతి తెలుసుకోవడానికి రోమ్ దాకా పోవాల్సొచ్చింది.

రైలంటే వలసే

మాది అనంతపురం పక్కన పల్లె. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల. శెనగ్గాయ వేసి ఆకాశం వైపు చూడ్డమే మా వ్యవసాయం. పంట పోయిన ఏడు నాయన బెంగళూరు రైలెక్కేవాడు, బిల్డింగ్ పనులకు. జనరల్ బోగీలో తలుపు పక్కన కూర్చుని పోయేవాడు. హిందూపురం వస్తే సగం దారి అయినట్టు, అంతే.

తర్వాత నేనూ అదే లైన్లో బెంగళూరు పోయా, లాప్‌టాప్ బ్యాగ్‌తో. నాకూ హిందూపురం అంటే ఒక టీ. లేపాక్షి అక్కడికి 15 కిలోమీటర్లే.

అందుకే ఈ సంక్రాంతి సెలవుల్లో నాయనను తీసుకుని మూడు రోజులు బయల్దేరా. ఇటలీ రూలే పెట్టుకున్నా: రైలు, స్టేషన్ దిగాక బస్సో ఆటోనో.

మొదటి రోజు: లేపాక్షి

గుడికి ముందే ఒకే రాయిలో చెక్కిన పెద్ద నంది. లోపల వేలాడే స్తంభం కింద నుంచి గుడ్డ తీసి వీడియోలు చేసేవాళ్ల గుంపు. మేమూ తీశాం, అబద్ధమెందుకు! కానీ అసలు సంగతి తల పైకెత్తితే ఉంది. శివపార్వతుల పెళ్లి, అర్జునుడితో కిరాతుడి పోరు, దాదాపు 24 అడుగుల పొడవున వీరభద్రుడు. ఒకచోట గుడి కట్టించిన అన్నదమ్ములు విరూపణ్ణ, వీరణ్ణ పొడుగాటి టోపీలతో కనిపిస్తారు. ఆడవాళ్ల చీరల మీద డిజైన్లు ఒకదానికొకటి పోలిక లేవు.

కొన్నిచోట్ల రంగు రాలిపోయింది. మిగిలినచోట సున్నపు పూత మీద నల్లటి గీత, తెలుపు, ఆకుపచ్చ, అన్నిటికన్నా ఎక్కువగా ఎరుపు.

నాయన చాలాసేపు చూసి, "ఇది జాజు కదరా!" అన్నాడు. పండక్కి అమ్మ గోడ అంచుకు పూసే ఎర్రమన్ను. ఇటలీలో ఆడియో గైడ్ చెవిలో పెట్టుకుని గంటసేపు విన్నా నాకు ఒక్క రంగు గుర్తుపట్టడం రాలేదు. మా నాయనకు ఇక్కడ గైడ్ అక్కర్లేదు.

వెనకవైపు కల్యాణ మండపం సగంలోనే ఆగింది. ఖజానా డబ్బు గుడికి ఖర్చుపెట్టాడని నింద పడితే విరూపణ్ణ తన కళ్లు తనే పీకి గోడకు కొట్టాడని కథ. ఆ ఎర్రటి మరకలు ఇవేనని చూపిస్తారు. కథ ఎంత నిజమో గానీ, పైకప్పు లేని ఆ స్తంభాలు మాత్రం నిజం.

రెండో రోజు: పెనుకొండ, నిమ్మలకుంట

విరూపణ్ణ ఉద్యోగం చేసింది పెనుకొండలో. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత తిరుమల దేవరాయలు రాజధానిని ఇక్కడికే మార్చాడు. కొండ కింద గగన్ మహల్ చూశాం. అంతకుముందు, 1520 ప్రాంతంలో హంపీ చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, ఆ నగరం రోమ్ అంత పెద్దదని రాశాడు. రోమ్‌తో పోలిక నేను కొత్తగా తెచ్చింది కాదన్నమాట.

అక్కడి నుంచి రైల్లో ధర్మవరం, ఆటోలో నిమ్మలకుంట. తోలుబొమ్మల ఊరు. ఇక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుగు దూరేంత పల్చగా చేసి, ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొట్టి, రెండువైపులా రంగులు వేస్తారు. ఇప్పుడు ఆటలు తగ్గి, లాంప్ షేడ్లే ఎక్కువ అమ్ముడవుతున్నాయి. ఒకాయన దీపం ముందు హనుమంతుణ్ణి పట్టి చూపించాడు.

"వాన రాకపోతే మా ఊర్లో విరాటపర్వం ఆడించేవాళ్లు. తెల్లవార్లూ కూచొని చూసేవాళ్లం" అన్నాడు నాయన.

"వాన వచ్చేదా?"

"ఒక్కోసారి. రాకపోతే రైలెక్కేది."

మూడో రోజు: తాడిపత్రి

గుత్తి మీదుగా తాడిపత్రి. ఊళ్లో చింతల వెంకటరమణ స్వామి గుడి, పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి. రెండోదాని గోపురాలు పూర్తికాలేదు గానీ, చెక్కినంత మేర వేలు పెట్టే సందు కూడా వదల్లేదు. బుగ్గ అంటే ఊట. గుడిలో లింగం దగ్గర నీళ్లు ఊరుతూ ఉంటాయి. కరువు సీమ మనిషి దేన్ని దేవుడి పక్కన పెట్టుకుంటాడో అక్కడ అర్థమైంది.

మీరూ వెళ్తారా?

బెంగళూరులో ఉంటే హిందూపురం వైపు మెమూ రైళ్లున్నాయి. లేపాక్షికి పొద్దున్నే వెళ్లండి. చెప్పులు బయట వదలాలి కదా, మధ్యాహ్నానికి రాయి కాలిపోతుంది. బొమ్మల మీద ఫ్లాష్ కొట్టొద్దు, గోడలు తాకొద్దు. పోయినవి చాలు. నిమ్మలకుంటలో బేరం మరీ గీచి ఆడొద్దు. ఫ్లోరెన్స్‌లో ఫ్రిజ్ మాగ్నెట్‌కు మనం బేరం ఆడలేదు.

ఇటలీ వెళ్లొద్దని చెప్పను, వీలైతే నేనే మళ్లీ వెళ్తా. కాకపోతే ఈసారి నాయననూ తీసుకెళ్లాలి.

సెలవులయ్యాక బెంగళూరు రైలెక్కా. సగం దారిలో ఎప్పటిలాగే నాయన ఫోన్. ఇన్నేళ్లూ "హిందూపురం దాటినావా?" అని అడిగేవాడు. ఆ రోజు మాత్రం, "లేపాక్షి దాటినావా?" అన్నాడు.