మంచుకొండా, బొగ్గుబాయీ

మంచు అంటే ఎలా ఉంటుందో గోదావరిఖనిలో పాఠం చెప్పడం అంత సులువు కాదు సుమండీ! మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పైన ఎండ, పక్కన రామగుండం థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు, కాళ్ళకింద బొగ్గు. మా పిల్లలకు కొండ అంటే ఓపెన్‌కాస్టు గనిలోంచి డంపర్లు తెచ్చి కుప్పపోసిన మట్టి గుట్ట. మంచు మాట ఎత్తితే వాళ్ళకు గుర్తొచ్చేది చెరుకురసం బండిమీద గోనెసంచి కప్పుకున్న ఐసుగడ్డ.

అటువంటి తరగతిలో నిలబడి నేను ప్రవరుణ్ణి హిమాలయానికి పంపించాలి. మనుచరిత్ర పాఠం వచ్చినప్పుడల్లా నాకీ పరీక్ష తప్పదు.

అల్లసాని పెద్దన 16వ శతాబ్దిలో చూపించిన ఆ మంచుకొండ మన భూగోళం పుస్తకంలోది కాదు. దానికి రైలు లేదు, కాలిబాట లేదు. సిద్ధుడు ఇచ్చిన పసరు కాళ్ళకు రాసుకుంటే చాలు, అరుణాస్పదపురం నుంచి క్షణంలో అక్కడ వాలవచ్చు. అక్కడ గంధర్వులుంటారు, అప్సరసలుంటారు. కథ మార్కండేయ పురాణంలోది. 14వ శతాబ్దిలోనే మారన దాన్ని తెనిగించాడు. పెద్దన చేతిలో అది ప్రబంధమై కూర్చుంది. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఏ మంచును చూద్దామని ప్రవరుడు వెళ్ళాడో, ఆ మంచునీళ్ళకే కాళ్ళ పసరు కాస్తా కరిగిపోయింది. వెళ్ళడానికి దారి ఉంది, రావడానికి లేదు!

ఇక్కడిదాకా వచ్చాక పండితులు సాధారణంగా వరూధిని వైపు తిరుగుతారు. ఆమె సౌందర్యం, అతని నిష్ఠ, పాత్రపోషణ. నేనూ అటే తిరగబోతున్నాను. మూడో బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది.

“సార్, గాయిన ఇల్లు చేరిండా లేదా? అది ముందుగాల చెప్పున్రి.”

మరో ఊళ్ళో అయితే క్లాసు నవ్వేదేమో. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల తండ్రి బాయి పనికి పోతాడు. ఆ క్లాసులో సగంమంది తండ్రులు పోయేవారే. మొదటి షిఫ్టా, రెండోదా, రాత్రిదా అన్నదాన్నిబట్టి ఆ ఇళ్ళలో పొయ్యి వెలుగుతుంది, పిల్లలు పడుకుంటారు. తీసుకుపోయిన టోపీ దీపం ల్యాంపు రూములో తిరిగి ఇచ్చినప్పుడే మనిషి పైకి వచ్చినట్టు లెక్క. ఒక్క దీపం తక్కువైతే అక్కడివాళ్ళ ముఖాలు ఎలా మారతాయో ఈ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

“చేరాడమ్మా,” అన్నాను. “ఇంట్లో ముసలి తల్లిదండ్రులు అన్నం ముట్టకుండా ఎదురుచూస్తుంటారని వరూధినితో అతనే అంటాడు.”

“గట్లయితే ఇగ చెప్పున్రి సార్,” అని ఆ అమ్మాయి నింపాదిగా కూర్చుంది. మిగిలిన కథ విన్నారు. హాయిగా విన్నారు. ఆ ఏడాది నుంచి నేను ఈ పాఠాన్ని “చేరాడు” అన్న మాటతోనే మొదలుపెడుతున్నాను.

మరొక పిల్లవాడిది మరో సందేహం: “మన దిక్కు మంచు ఎన్నడన్న పడ్డదా సార్?” దీనికి జవాబు భూగర్భశాస్త్రం పుస్తకాల్లో దొరికింది. ఒడిశాలోని తాల్చేరు దగ్గర గులకరాళ్ళూ బండరాళ్ళూ కలగలిసిన ఒక పొరను చూసి, అది మంచు చేసిన పనే అయి ఉండాలని బ్లాన్‌ఫర్డ్ సోదరులు 1856లోనే గుర్తించారు. తాల్చేరు పేరిట పిలిచే ఆ పొరలు మా గోదావరి లోయలోనూ ఉన్నాయి, బొగ్గు పొరలకు అడుగున! సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందట ఈ నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేదట. ఆ మంచు కరిగాక అడవులు లేచాయి, ఆ అడవులే బొగ్గయ్యాయి. హిమాలయం పైకి లేవడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్ళే. వరసకు మా బొగ్గు హిమాలయానికి ముత్తాత అన్నమాట! అది చెప్పినరోజు ఆ పిల్లవాడు కాళ్ళకింది గచ్చువంక అదోలా చూసుకున్నాడు.

ఇంతకూ ప్రవరుడు ఇల్లు ఎలా చేరాడు? రోజూ తాను కొలిచే అగ్నిదేవుణ్ణి ప్రార్థించి చేరాడు. మంచు మూసేసిన దారిని నిప్పు తెరిచింది. నిప్పునే నమ్ముకుని బతికే ఈ ఊరివాళ్ళకు ఆ ముక్కకు తాత్పర్యం చెప్పనక్కరలేదు.

పరీక్ష పేపర్లో హిమాలయ వర్ణనకు మార్కులుంటాయి, ప్రవరుని నిష్ఠకు మార్కులుంటాయి. ఇల్లు చేరాడా అన్న ప్రశ్నకు మాత్రం ఎవరూ మార్కులు కేటాయించలేదు. అయినా ఏటా ఎవరో ఒకరు జవాబు చివర, ఎవరూ అడక్కపోయినా, ఒక వాక్యం చేరుస్తూనే ఉంటారు. ప్రవరుడు క్షేమంగా ఇల్లు చేరెను.