బిలాస్‌పూర్ దాటాక ఒక మట్టి ఇల్లు

విశాఖపట్నం నుంచి కోర్బా వెళ్ళే రైలు విజయనగరం, రాయగడ, రాయపూర్‌ల మీదుగా బిలాస్‌పూర్ చేరుతుంది. హౌరా, ముంబయి, కట్నీ మార్గాలు కలిసే ఈ జంక్షన్ ఒకప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వేవారిది; 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. రైల్వే కాలనీలో తెలుగు మాట చెవినపడితే ఎవరూ వింతపడరు. చాలామంది ప్రయాణికులకు ఇది బండి మారే చోటు మాత్రమే. కాని స్టేషను వదిలి, ఉత్తరంగా అంబికాపూర్ రోడ్డు పట్టినవారికి చిత్రకళాప్రియులు మరువలేని రెండు గదుల కథ ఎదురవుతుంది.

కలచురి రాజుల రాజధాని రతన్‌పూర్, ఆ తరువాత కట్‌ఘోరా, ఆపైన సాల వృక్షాల అడవులు. ఉదయపూర్ సమీపాన రామగఢ్ కొండలో జోగీమారా గుహ ఉంది. దాని పైకప్పు మీది వర్ణచిత్రాలు రెండువేల ఏళ్ళకు పైబడినవని పండితుల అంచనా. 1914లో అసిత్ కుమార్ హల్దార్ ప్రభృతులు వాటి నకళ్ళు తీశారు. సుతనుక అనే దేవదాసిని దేవదత్తుడనే రూపదక్షుడు ప్రేమించినట్లు అక్కడి బ్రాహ్మీ శాసనం చెబుతుంది. ప్రేమను రాతిమీద చెక్కుకునే అలవాటు నేటి కుర్రకారుతో మొదలైంది కాదన్నమాట!

రెండవ గది ఇంకొంత ముందుకు వెళ్ళాక, లఖన్‌పూర్ ప్రాంతంలోని పుహ్‌పుట్రా గ్రామంలో ఉంది. రజ్‌వార్ కులానికి చెందిన సోనాబాయికి చిన్నతనంలోనే, తనకంటె చాలా పెద్దవాడితో పెళ్ళయింది. ఊరి చివర కొత్త ఇల్లు కట్టిన భర్త ఆమెను గడప దాటనివ్వలేదు, ఇరుగుపొరుగులతో పలకనివ్వలేదు. సుమారు పదిహేనేళ్ళు ఆమెకు ఆ నాలుగు గోడలే లోకం.

పసివాడైన కొడుక్కు ఆటబొమ్మలు లేవు. ఆమె మట్టి పిసికి బొమ్మలు చేసింది. వేసవి వేడికి ఇల్లు ఉడికిపోతుంటే వెదురు బద్దలను గుండ్రంగా వంచి, ఒకదానికొకటి కట్టి, మీద మట్టి మెత్తి జాలకాలు అల్లింది. ఎండ వాటి గుండా నీడల ముగ్గులై నేల మీద పరచుకునేది. జాలకాల వలయాలలో పక్షులు వాలాయి, పాములు పాకాయి. గోడలమీద కోతులు, మనుషులు వెలిశారు. వంటింటి దినుసులు, రంగు మన్నులే ఆమె వర్ణాలు.

గదులూ అడవులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయే స్వప్నచిత్రాలకు స్వీడన్ చిత్రకారిణి మమ్మా ఆండర్సన్ నేడు ప్రసిద్ధురాలు. 1962లో పుట్టిన ఆమె స్టాక్‌హోమ్‌లో కళాభ్యాసం చేసింది. పాత ఛాయాచిత్రాలు, నాటకరంగాలు ఆమెకు ముడిసరుకు. సోనాబాయి ముందు ఏ చిత్రమూ లేదు. పంటలు ఇంటికి వచ్చే వేళ గోడలు అలికి తీర్చిదిద్దడం రజ్‌వార్ స్త్రీల ఆచారమే. అయినా ఇటువంటి జాలకాలు ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరుగరు. బయటి లోకం చూడరాదన్నందుకు ఆమె లోకాన్నే లోపలికి తెచ్చుకున్నది.

1983లో భోపాల్ భారత్ భవన్ వారు ఆ ఇల్లు చూశారు. కొన్ని శిల్పాలు గోడలు విడిచి భోపాల్ చేరాయి. జాతీయ పురస్కారం, ఆపైన తులసీ సమ్మాన్ వచ్చాయి. గడప దాటనెరుగని ఆ ఇల్లాలు సముద్రాలు దాటి అమెరికా వెళ్ళివచ్చింది. ఆమె 2007లో కన్నుమూసింది. నాడు మట్టిబొమ్మలతో ఆడుకున్న కొడుకు దరోగా రామ్, కోడలు రాజన్‌బాయి అదే పని చేపట్టారు. ఒకప్పుడు పొరుగువారి అడుగు పడని ఆ ఇంటి పనితనాన్ని పుహ్‌పుట్రాలో ఇతరులూ నేర్చుకున్నారు.