కాకినాడలో స్కూబా ఎందుకు లేదంటే...

రీల్ చూసే ఉంటారు. గాజులా మెరిసే నీలం నీళ్లు, పగడాల మధ్య రంగురంగుల చేపలు, ఆక్సిజన్ మాస్కులాంటిది పెట్టుకుని చేతులూపుతున్న మనవాడొకడు. లొకేషన్ చూస్తే అండమాన్. రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర టీ తాగుతూ అలాంటి రీల్ ఒకటి చూస్తున్నప్పుడే మా ఫ్రెండ్ అడిగాడు: "మనకీ సముద్రం ఉంది కదరా! గంటన్నర బండేసుకుంటే కాకినాడ. అక్కడెందుకు పెట్టరు ఇది?"

పక్కనున్నవాడు నవ్వాడు. "బురద నీళ్లురా బాబూ. దూకితే నీ చెయ్యి నీకే కనపడదు. ఏముంటుంది అందులో?"

మొదటి మాట నిజమే. కాకినాడ నుంచి అంతర్వేది దాకా మన తీరంలో నీళ్లు చాలాకాలం మసకగానే ఉంటాయి. కానీ రెండో మాట దగ్గరే తేడా వచ్చింది. ఏమీ కనపడకపోవడం వేరు, ఏమీ లేకపోవడం వేరు. ఆ తేడా నాకు అర్థం కావడానికి రెండు ప్రయాణాలు పట్టాయి. ఒకటి విశాఖకి, ఇంకోటి పక్కనే ఉన్న కోరింగకి.

ఎర్రనీరు ఎక్కడికి పోతుంది?

జులై వచ్చిందంటే గోదారికి ఎర్రనీరు తగులుతుంది. నాసిక్ దగ్గర త్రయంబకేశ్వరంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచొచ్చిన నది, దారిలో దొరికిన మట్టినంతా వెంట తెచ్చుకుంటుంది. ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలి, ఆ మట్టిని బంగాళాఖాతంలో దింపుతుంది. కోనసీమ మొత్తం అలా దింపిన మట్టితో తయారైందే. కాకినాడకి ఎదురుగా అడ్డుగోడలా కనిపించే హోప్ ఐలాండ్ కూడా అంతే. నది తెచ్చిన ఇసుకని అలలు ఉత్తరానికి నెట్టుకుపోగా ఏర్పడిన దిబ్బ అది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు.

రీల్‌లో చూసే పగడాలకి కావాల్సినవి ఇక్కడ లేవు. పగడం ఒక చిన్న జీవి. దాని ఒంట్లో కంటికి కనపడనంత నాచు కాపురం ఉంటుంది. ఆ నాచుకి ఎండ తగిలితేనే పగడానికి తిండి. నీళ్లలో మట్టి ఉంటే ఎండ దిగదు. పైగా పగడానికి ఉప్పు నీరే పడుతుంది, వరదల్లో నది పోసే మంచినీళ్లు పడవు. అంటుకుని పెరగడానికి గట్టి రాయి కావాలి, మన దగ్గర అడుగంతా మెత్తటి బురద. అందుకే గోదారి, కృష్ణ, గంగ లాంటి పెద్ద నదులు కలిసేచోట పగడపు దిబ్బలు వెతకడం దండగ.

రుషికొండలో అరగంట

అయితే రైలెక్కి మూడు గంటలు ఉత్తరానికి వెళ్తే సీన్ మారుతుంది. విశాఖ దగ్గర తూర్పు కనుమలు సముద్రం దాకా వచ్చేస్తాయి. డాల్ఫిన్స్ నోస్ చూడండి, కొండ నేరుగా నీళ్లలోకి దిగిపోయినట్టుంటుంది. ఆ ఎర్రటి రాయిని ఖొండలైట్ అంటారు. మన ఖోండు గిరిజనుల పేరు మీదే ఆ పేరు వచ్చింది. రాళ్లు ఒడ్డున ఆగిపోవు, సముద్రం అడుక్కీ సాగుతాయి. దగ్గర్లో గోదారంత నది కూడా లేదు. అందుకే రుషికొండ, భీమిలి వైపు స్కూబా చేయిస్తున్నారు. ఇంకాస్త ముందుకెళ్తే విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలో చింతపల్లి. అక్కడ నీళ్లలో పాత ఓడ శిథిలం ఉంది. రాయి దొరకని చోట ఇనుమే రాయి పని చేస్తుంది. ఓడకి జీవులు అంటుకుంటాయి, వాటి కోసం చేపలు చేరతాయి.

నేను దిగింది రుషికొండలో. ఈత పెద్దగా రాకపోయినా ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని తీసుకెళ్లే ట్రయల్ డైవ్ అది. వీపు మీద ట్యాంకు. చాలామంది అందులో ఆక్సిజన్ ఉంటుందనుకుంటారు. మామూలు గాలే, గట్టిగా నొక్కి నింపుతారు. ఒడ్డున నేర్పిన మొదటి రూల్ ఒక్కటే: ఊపిరి బిగపట్టకు. ప్రతి పది మీటర్ల లోతుకీ నీటి ఒత్తిడి మనం భూమ్మీద మోసే గాలి బరువంత పెరుగుతుంది. బిగపట్టి పైకొస్తే ఊపిరితిత్తుల్లో గాలి ఉబ్బి ప్రమాదం. రెండోది చెవుల సంగతి. ముక్కు మూసుకుని మెల్లగా ఊదుతూ దిగాలి, లేకపోతే నొప్పి చంపేస్తుంది.

మూడోది నేను మర్చిపోయాను. కిందికి దిగాక ఇన్‌స్ట్రక్టర్ 'ఓకేనా?' అని సైగ చేశాడు. నేను హుషారుగా బొటనవేలు పైకెత్తి చూపించా. వెంటనే నన్ను పట్టుకుని పైకి లాగడం మొదలెట్టాడు! నీళ్లలో ఆ సైగకి అర్థం 'సూపర్' కాదు, 'పైకి పోదాం' అని. ఓకే అనాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి.

మళ్లీ దిగాక చూశా. అండమాన్ నీలం కాదు, కాస్త ఆకుపచ్చ. కొన్ని మీటర్ల అవతల అంతా మసకే. కానీ రాళ్ల పక్కకి చేరగానే జనం! పలకల్లా సన్నగా ఉన్న బటర్‌ఫ్లై చేపలు, ముళ్లు విప్పుకుని నింపాదిగా తిరిగే లయన్ ఫిష్ (దాని ముళ్లలో విషం, ముట్టుకోకూడదు), సందుల్లో నల్లటి సముద్రపు ముళ్లబంతులు. ఒక రాతి బొరియలోంచి పాములాంటి మోరే ఈల్ తల బయటపెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. కరవడానికి వస్తోందేమో అని గుండె జారింది. పైకొచ్చాక చెప్పారు, అది ఊపిరి తీసుకునే పద్ధతే అదట. ఎర్రగా ఉండాల్సినవన్నీ కింద మట్టిరంగులో కనిపించాయి. నీళ్లు మొదట మింగేసేది ఎరుపునే. వీడియోల్లో కనిపించే ఎరుపంతా కెమెరా లైటు పుణ్యం.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు

వానలు, తుఫాన్ల కాలం పోయాక వెళ్లండి. ఇన్‌స్ట్రక్టర్‌కి సర్టిఫికెట్ ఉందో లేదో మొహమాటం లేకుండా అడగండి. జలుబు, సైనస్, ఆస్తమా, గుండె జబ్బు ఉంటే దాచకండి, ముందు డాక్టర్‌ని అడగండి. అన్నిటికంటే మనవాళ్లు చేసే తప్పొకటుంది: 'పొద్దున్న స్కూబా, మధ్యాహ్నం అరకు' అని ప్లాన్ వేయడం. డైవ్‌లో ఒంట్లోకి నైట్రోజన్ చేరుతుంది, అది మెల్లగా బయటికి పోవాలి. ఆలోపు విమానం ఎక్కినా, తొమ్మిది వందల మీటర్ల ఎత్తున్న అరకు ఘాట్ ఎక్కినా గాలి ఒత్తిడి తగ్గి నైట్రోజన్ బుడగలు కట్టొచ్చు. అరకు ముందు చూసేయండి, లేదా డైవ్ తర్వాత ఒక రోజు ఆగండి. రాజమండ్రికి రైల్లో రావడానికి మాత్రం ఇబ్బంది లేదు.

కళ్లతో కాదు, మీసాలతో

తిరుగు ప్రయాణంలో ఒక సందేహం వచ్చింది. అంత తేట నీళ్లున్న చోటే బతుకు ఎక్కువైతే, మన మార్కెట్‌లో ఇన్ని చేపలెక్కడివి? చందువా, వంజరం, కానాగంతలు, పండుగప్ప, రొయ్యలు, మండపీతలు... ఇవన్నీ ఆ 'ఏముంటుంది అందులో' అన్న నీళ్లవే కదా!

అసలు లెక్క తిరగబడి ఉంది. నీళ్లు గాజులా ఉన్నాయంటే వాటిలో తేలే తిండి తక్కువని అర్థం. నది మట్టితో పాటు ఎరువు కూడా తెస్తుంది. దాంతో సూక్ష్మమైన మొక్కలు పెరుగుతాయి, వాటిని తిని చిన్న జీవులు, వాటిని తిని చేపలు. సముద్రంలో 'ఇలస'గా తిరిగే చేప ఎర్రనీటికి ఎదురీది గోదారెక్కి 'పులస' అయ్యేది ఆ వరద రోజుల్లోనే. పుస్తెలమ్మైనా తినాలనే మాట పుట్టింది తేట నీళ్లలో కాదు.

మరి కనపడని నీళ్లలో ఇవి బతికేదెలా? జెల్ల చేపకి మీసాలు ఊరికే లేవు. బురదలో తిండిని తడిమి, రుచి చూసి పట్టేది వాటితోనే. వలలో పడితే వార్తల్లోకెక్కే కచ్చిడి చేప ఇంకో దారి పట్టింది. దాని పొట్టలోని గాలితిత్తికే అంత ధర పలుకుతుంది. అదే తిత్తిని కండరాలతో వాయించి ఆ చేప శబ్దం చేస్తుంది. చీకటి నీళ్లలో ఒకదాన్నొకటి పిలుచుకోడానికి డప్పన్నమాట. రంగులు చూపించుకోవడం తేట నీళ్ల పద్ధతి. మన సముద్రంలో జీవులు తడుముతాయి, వాసన చూస్తాయి, చప్పుడు చేస్తాయి. మాస్కు పెట్టుకుని దూకితే అవి దొరకవు, అంతే.

డైవర్‌కి రివర్స్

చూడాలంటే దిగక్కర్లేదు కూడా. కాకినాడ నుంచి యానాం దారిలో చొల్లంగి దగ్గర కోరింగ అభయారణ్యం ఉంది. 1978లో ప్రకటించారు, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైనే. మడ చెట్ల మధ్య చెక్క వంతెన మీద నడవొచ్చు. ఆటుపోట్ల వేళ కనుక్కుని, నీళ్లు తీసేసిన టైంకి వెళ్లండి. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచినవి మడ చెట్ల వేళ్లు. బురదలో గాలి ఆడదు కాబట్టి ఊపిరి కోసం పైకొస్తాయి.

ఆ వేళ్ల మధ్య కదలకుండా పది నిమిషాలు చూడండి. వేలెడంత చేప ఒకటి రెక్కల మీద కుంటుకుంటూ బురదలో నడుస్తుంది, టపుక్కున ఎగురుతుంది, ఒక్కోసారి వేరెక్కి కూర్చుంటుంది. మడ్‌స్కిప్పర్ అంటారు. మొప్పల గదుల్లో నీళ్లు నింపుకుని గట్టు మీదకి వస్తుంది. తడి చర్మంతో కూడా ఊపిరి తీసుకుంటుంది. మనం గాలి మోసుకుని నీళ్లలోకి దిగితే, అది నీళ్లు మోసుకుని గాలిలోకి వస్తుంది! దానికి ట్యాంకు అద్దె లేదు, ఇన్‌స్ట్రక్టర్ లేడు. రుషికొండలో నేను ఉన్నది అరగంట. అది రోజూ చేసే పని ఇదే.

ఈ మడ అడవి మూలాల్లోనే రొయ్య పిల్లలు, చేప పిల్లలు పెరిగి సముద్రంలోకి పోతాయి. చలికాలం వచ్చిందంటే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి హోప్ ఐలాండ్ వైపు వస్తాయి. తాబేలు కూడా మనలాగే పైకొచ్చి గాలి పీల్చాలి. ట్రాల్ వలలో ఇరుక్కుంటే పైకి రాలేక మునిగి చస్తుంది. ఏటా మన బీచ్‌లకి కొట్టుకొచ్చే తాబేళ్ల వెనక కథ చాలాసార్లు ఇదే. తాబేలు బయటపడేలా వలలో దారి పెట్టే పరికరం ఉంది. అది వాడటం ఒక్కటే కావాలి.

నీళ్లు తేటపడితే?

ఇప్పుడు మా ఫ్రెండ్ ప్రశ్నకి వద్దాం. గోదారి మట్టి తేవడం మానేస్తే కాకినాడ నీళ్లు తేటపడతాయి కదా, బాగుంటుంది కదా?

అది కొంత జరుగుతూనే ఉంది. 1970ల్లో గోదారి ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నుల మట్టిని డెల్టాకి తెచ్చేదని, 1990లకి అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కగట్టారు. ఎగువన కట్టిన డ్యాముల వెనక మట్టి ఆగిపోతోంది. 1976 నుంచి 2001 మధ్య డెల్టా అంచున సముద్రం తినేసిన నేల సుమారు 18 చదరపు కిలోమీటర్లు. డ్యాములు మనకి అన్నం పెట్టాయి, కాదనలేం. కానీ సముద్రానికి వెళ్లాల్సిన మట్టి అప్పుగా మిగిలిపోయింది. సముద్రం ఆ అప్పు నేల రూపంలో వసూలు చేసుకుంటోంది.

నమ్మకం లేకపోతే కాకినాడ నుంచి బీచ్ రోడ్డు మీద ఉప్పాడ వెళ్లండి. అక్కడ కోతకి కారణం ఒక్కటే కాదు. హోప్ ఐలాండ్ పెరుగుదల, ఓడరేవు పనులు, తుఫాన్లు, అన్నీ కలిశాయి. రాళ్లు పోశారు, జియోట్యూబ్ గోడ వేశారు. అయినా ప్రతి పెద్ద తుఫానుకీ రోడ్డు విరుగుతూనే ఉంది. గట్టు మీద సగం గోడలతో ఇళ్లు నిలబడి ఉంటాయి. మిగతా సగం, వాటి ముందున్న వీధులు నీళ్లలో ఉన్నాయి.

మొన్న మా ఫ్రెండ్‌ని అక్కడికి తీసుకెళ్లా. ఫోన్ తీసి వీడియో మొదలెట్టాడు, కాసేపటికి ఆపేశాడు. "ఇక్కడ స్కూబా పెట్టినా చూడాల్సింది ఊరేనన్నమాట" అన్నాడు.

తిరిగొస్తుంటే యానాం దగ్గర గౌతమి ఎర్రగా, నిండుగా పోతోంది. ఈసారి 'బురద నీళ్లు' అని ఇద్దరం అనలేదు.