ఎల్ఫుగారి నైట్ షిఫ్టు

డిసెంబరు ఒకటో తారీఖు వచ్చిందంటే చాలు, అమెరికాలో చిన్నపిల్లలున్న ఇళ్ళలో అమ్మానాన్నలకి రాత్రి పదిన్నరకి ఇంకో షిఫ్టు మొదలవుతుంది. ఆఫ్‌షోర్ కాల్ కాదు లెండి. ఎర్ర చొక్కా, ఎర్ర టోపీ వేసుకుని, ఎటో పక్కకి చూస్తూ నవ్వే ఓ అడుగు పొడుగు బొమ్మని ఒక చోట నుంచి తీసి ఇంకో చోట పెట్టాలి. దాని పేరు ఎల్ఫ్ ఆన్ ది షెల్ఫ్.

హైదరాబాదులో ఉన్నవాళ్ళకి కాస్త వివరంగా చెప్పాలి. ఎల్ఫ్ అంటే సాంటా క్లాజ్ దగ్గర పనిచేసే మరుగుజ్జు అన్నమాట. 2005లో కరోల్ ఏబర్సోల్డ్ అనే ఆవిడ, ఆవిడ కూతురు చాండా బెల్ కలిసి మా జార్జియా రాష్ట్రంలోనే ఒక పిల్లల పుస్తకం, దాంతోపాటు ఒక బొమ్మ అమ్మడం మొదలెట్టారు. ప్రచురణకర్తలు ఎవరూ వేసుకోమంటే సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్నారు. 2012 కల్లా న్యూయార్కులో థాంక్స్‌గివింగ్ పరేడ్‌లో ఆ బొమ్మ బెలూనై ఎగిరింది. స్టార్టప్ కథలు ఇష్టపడేవాళ్ళు చదువుకోదగ్గ కథే.

రూల్స్ సింపుల్. బొమ్మకి పిల్లలు పేరు పెట్టాలి. పగలంతా అది కదలకుండా కూర్చుని పిల్లల్ని గమనిస్తుంది. రాత్రికి ఉత్తర ధ్రువానికి ఎగిరెళ్ళి సాంటాకి రిపోర్టు ఇస్తుంది. తెల్లారేసరికి తిరిగొచ్చి వేరే చోట కూర్చుంటుంది. పిల్లలు ముట్టుకున్నారో, మహత్తు పోతుంది. 24వ తారీఖు రాత్రి సాంటాతో వెళ్ళిపోయి మళ్ళీ ఏడాదికి వస్తుంది. అంటే పెద్దవాళ్ళకి 24 రోజుల ఆన్ కాల్ డ్యూటీ. బ్యాకప్ లేదు, కాంప్ ఆఫ్ లేదు.

ఆ 'రిపోర్టు' అన్న ముక్క ఉంది చూశారూ, నా పేచీ అంతా దాంతోనే. 2014లో లారా పింటో, సెలీనా నెమోరిన్ అనే ఇద్దరు కెనడాలో ఒక వ్యాసం రాశారు. ఎప్పుడూ ఎవరో కనిపెడుతూ ఉండడం మామూలే అని ఈ బొమ్మ పిల్లలకి అలవాటు చేస్తోంది కదా అని వాళ్ళ ప్రశ్న. అప్పట్లో చాలామంది నవ్వేశారు, బొమ్మకి కూడా ఇంత రాద్ధాంతమా అని. మా అమ్మ ఆ వ్యాసం చదవలేదు గానీ ఇక్కడికి వచ్చినప్పుడు సంగతంతా విని ఒక్క ముక్కలో తేల్చేసింది, "ఏరా, బూచాడికి టోపీ పెట్టారా?" అని.

నిజమే, మనకీ బూచాడున్నాడు. "అన్నం తినకపోతే బూచాడొస్తాడు" అనకుండా పెరిగిన ఇల్లు ఉందా? కానీ చిన్న తేడా ఉంది. బూచాడు అన్నం తినేదాకానే. తిన్నాక వాడి దారిన వాడు పోతాడు. రికార్డు రాసుకోడు. ఏడాది చివర అప్రైజల్ చేసి దాన్నిబట్టి బోనస్ ఇవ్వడు. ఈ ఎల్ఫు ఇచ్చే రిపోర్టుకి మాత్రం గిఫ్టు సైజుతో లింకు ఉంటుంది. మంచి పిల్లలకి మంచి గిఫ్టు అనేది సాంటా కథలో మొదట్నుంచీ ఉన్నదే, దాన్ని రోజువారీ స్టేటస్ రిపోర్టు చేసింది మాత్రం ఈ బొమ్మ.

దీని వల్ల ఏమవుతుందో 2023లో దగ్గరగా చూశాను. మా వీధిలోనే ఒక తెలుగు కుటుంబం. ఆ నవంబరు మూడో వారంలో అతని ఉద్యోగం పోయింది. హెచ్1బి, అంటే 60 రోజుల్లో ఇంకో కంపెనీ దొరకాలి, లేదా వేరే ఏదో దారి చూసుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. ఆ లెక్కలు ఇది చదివేవాళ్ళలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. వాళ్ళబ్బాయికి ఏడేళ్ళు. పెద్ద లెగో సెట్ ఒకటి అడిగాడట సాంటాని. ఆ ఏడాది అది కొనే పరిస్థితి లేదు. ఒకరోజు వాకింగ్‌లో కలిసినప్పుడు అతను, "లెగో పోతే పోయింది గురూ. వీడు రోజూ పడుకునే ముందు ఆ బొమ్మ దగ్గరికెళ్ళి, నేను ఇవాళ ఏడవలేదు, అల్లరి చెయ్యలేదు, మా నాన్నకి జాబ్ ఇమ్మని సాంటాకి చెప్పు అంటున్నాడు" అన్నాడు. అని, నా వైపు చూడకుండా రెండు నిమిషాలు నడిచాడు.

ఆలోచించండి. జాబ్ రాకపోతే ఆ పిల్లాడి లెక్క ప్రకారం తప్పెవరిది? చిన్న గిఫ్టు వస్తే వాడికి అర్థమయ్యేదేంటి? క్లాసులో పక్కవాడికి ఐప్యాడ్ వస్తే వాడు వీడికన్నా ఎన్ని రెట్లు బుద్ధిమంతుడు? గిఫ్టు సైజుని నిర్ణయించేది తండ్రి జీతం. పిల్లాడికి మాత్రం అది వాడి ప్రవర్తన అని చెప్తున్నాం. ఇన్‌పుట్ ఒకటి, ఎర్రర్ మెసేజ్ ఇంకోటి.

వాళ్ళావిడ తెలివైంది. బొమ్మని పారేస్తే పిల్లాడు ఇంకా భయపడతాడు కదా. అందుకని ఒక రాత్రి బొమ్మ చేతిలో చిన్న ఉత్తరం పెట్టింది. "ఉత్తర ధ్రువంలో రిపోర్టుల డిపార్ట్‌మెంటు మూసేశారు. నన్ను అల్లరి డిపార్ట్‌మెంటుకి మార్చారు. ఇకనుంచి నేను ఎవరి మీదా ఏమీ చెప్పను, నా అల్లరి చూసి నువ్వే చెప్పాలి" అని. పిల్లాడు చదివి, "అయితే నీకూ లేఆఫా?" అని బొమ్మని ఓదార్చాడట! అతనికి జనవరిలో, గడువు ఇంకో వారం ఉందనగా ఉద్యోగం దొరికింది. అది అతని ఇంటర్వ్యూల వల్ల దొరికిందని పిల్లాడికి తెలుసు, అదే నాకు ముఖ్యం.

అసలు పాత కథల్లో ఈ మరుగుజ్జులు మోసేది చాడీలు కాదు. నార్వే, డెన్మార్కుల్లో నిస్సె అని ఒక చిన్న ముసలాయన ఉంటాడు, ఇంటినీ గొడ్లనీ కనిపెట్టుకుని ఉంటాడు. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఆయనకి గిన్నెలో జావ పోసి, పైన వెన్న వేసి పెట్టాలి. పెట్టకపోతే అల్లరి చేస్తాడు. అంటే మనమే ఆయన్ని చూసుకోవాలన్నమాట. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. మా అమ్మాయి మా ఎల్ఫుకి ఆదివారం పూట పరమాన్నం పెడుతుంది. తినేది ఎవరో మీకు తెలుసు.

ఇక పని సంగతి. ఇంటర్నెట్‌లో ఫోటోలు చూస్తే కొంతమంది మహాతల్లులు రాత్రికి రాత్రే బొమ్మకి అట్టపెట్టెలతో ఊరు కడతారు. వాళ్ళకో దండం. 2021లో మా పక్కనే ఉన్న కాబ్ కౌంటీలో ఒక జడ్జిగారు, అలసిపోయిన తల్లిదండ్రులకి కానుకగా ఈ ఎల్ఫుల్ని కౌంటీ నుంచి బహిష్కరిస్తున్నట్టు సరదాకి ఒక ఆర్డరే రాశారు. అంత అవసరం లేదు. నా లెక్క: అయిదు నిమిషాలు, ఇంట్లో ఉన్న సామాన్లు, పొద్దున్న ఊడ్చే పని ఎక్కువ ఉండకూడదు. ఇంతకు మించి ఉంటే పదో రోజుకి ఎత్తేస్తాం.

మా ఇంట్లో సూపర్ హిట్ ఇడ్లీ ప్లేటు. స్టాండు పైన ఎల్ఫు, గుంటల్లో చిన్న చిన్న మార్ష్‌మెల్లోలు. ఇడ్లీలు వేశాడన్నమాట. ఫ్రిజ్‌లో పాలలో రెండు చుక్కల ఆకుపచ్చ రంగు వేస్తే పొద్దున్నే పాలు తాగమని బతిమాలక్కర్లేదు. బాత్రూమ్ అద్దం మీద డ్రై ఎరేజ్ మార్కర్‌తో ఎవరి ఎత్తుకి వాళ్ళకి మీసాలు గీస్తే ఒక్క తుడుపుతో పోతుంది. కర్టెన్ రాడ్డు నుంచి కుర్చీ దాకా డెంటల్ ఫ్లాస్ కట్టి, వంపు తిరిగిన క్యాండీ కేన్‌తో బొమ్మని వేలాడదీస్తే జిప్ లైన్. మర్నాడు రిలీజ్ ఉన్న రోజున? టిష్యూ డబ్బాలో పడుకోబెట్టి పైన ఒక టిష్యూ కప్పండి, "ఒంట్లో బాలేదు" అని చీటీ. ముప్పై సెకన్లు. 2020లో చాలామంది దాన్ని గాజు సీసాలో పెట్టి 14 రోజులు క్వారంటైన్ అన్నారు, ఆ తెలివికి జోహార్లు. ఓవెన్లో మాత్రం దాచకండి, పొద్దున్నే నిద్రమత్తులో ప్రీహీట్ నొక్కేది మీరే.

డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం వస్తుంది కదా. ఆ రోజు మా ఎల్ఫు కిచెన్ కౌంటర్ మీద బియ్యప్పిండితో ముగ్గు మొదలెట్టి, అయిదు చుక్కలు పెట్టేసరికి పిండిలోనే నిద్రపోతాడు. మిగతా ముగ్గు పిల్లలు పూర్తి చెయ్యాలి. మా అమ్మ వీడియో కాల్‌లో డైరెక్షన్. మొత్తం నెలలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదయం అదే.

ముట్టుకోకూడదన్న రూలు మా ఇంట్లో రెండో ఏడాదే తీసేశాం. అయిదేళ్ళ పిల్లకి బొమ్మనిచ్చి ముట్టుకోవద్దంటే ఎలాగండీ?

మా పెద్దవాడికి పదేళ్ళు. పోయిన డిసెంబరు మూడో తారీఖున మంచినీళ్ళకని లేచొచ్చి, నేను కుర్చీ ఎక్కి ఫ్లాస్ కడుతుంటే చూశాడు. కాసేపు అలాగే నిలబడి, "నాన్నా, అటువైపు ముడి లూజుగా ఉంది" అన్నాడు. ఆ రాత్రి నుంచి షిఫ్టు వాడిదే. చెల్లికి అనుమానం రాకుండా తొమ్మిదింటికి నిద్రపోతున్నట్టు నటించి, పదింటికి లేస్తాడు. నాకు మిగిలింది ప్రొక్యూర్‌మెంట్ మాత్రమే. నిన్న టేబుల్ మీద చీటీ పెట్టాడు: మార్ష్‌మెల్లోలు రెండు ప్యాకెట్లు, బియ్యప్పిండి, ఇంకో డెంటల్ ఫ్లాస్, పుదీనా వాసన లేనిది.