తాడు చెరిపేవాడు, తాడు దాచేవాడు

మా మేనల్లుడి ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా చెల్లెలు "కంప్యూటర్లో సినిమా పని" అంటుంది. వాడు మాత్రం "తాళ్ళు చెరుపుతాను" అంటాడు. హైదరాబాదులో ఒక గ్రాఫిక్స్ స్టూడియోలో పని. పోయిన దసరాకి ఘాజియాబాద్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు, పని నేర్చుకునే రోజుల్లో చేసిన ఒక ఫైటు ముక్క చూపించాడు. హీరో ఈ మేడ మీంచి ఆ మేడ మీదికి దూకుతాడు. చూసి "అబ్బో" అన్నాను.

"ఇప్పుడు అసలుది చూడు మామయ్యా" అని ఇంకోటి పెట్టాడు. అందులో మేడల్లేవు. ఆకుపచ్చ గుడ్డ ముందు ఒకతను నడుముకి పట్టీ కట్టుకుని రెండు తాళ్ళకి వేలాడుతున్నాడు. కింద పరుపులు. పక్కన నలుగురు తాడు లాగుతున్నారు.

నేను బీకాం చదివి రక్షణ శాఖ పద్దుల్లో ముప్పై ఏడేళ్ళు పనిచేసి రిటైరైన వాణ్ణి. లెక్క చెప్పమన్నాను. చెప్పాడు. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. అయిదు సెకన్ల దూకుడికి 120 బొమ్మలు. ఒక్కొక్క బొమ్మలోనూ తాడున్న మేర చెరిపి, దాని వెనక ఉండాల్సింది పూడ్చాలి. అందుకోసం మనిషి లేకుండా అదే చోటుని విడిగా తీసి పెట్టుకుంటారు. దాన్ని క్లీన్ ప్లేట్ అంటారు. వెంట్రుకల అంచులు, బట్టల మడతలు ఫ్రేము ఫ్రేముకీ గీత గీసి వేరు చేస్తారు. అది రోటో. వేగంగా కదిలే చెయ్యి కెమెరాలో చెదిరినట్టు పడుతుంది కదా, ఆ చెదురు కూడా సరిగ్గా ఉండాలి. లేకపోతే కన్ను పట్టేస్తుంది.

'ఆర్ఆర్ఆర్' (2022) లో ఎన్టీఆర్ మీదికి దూకిన పులి సంగతి అడిగాను. మొత్తం కంప్యూటర్లో పుట్టిన పులే. పులి, సింహం, చిరుత, ఎలుగు, కోతి లాంటి జంతువుల్ని ప్రదర్శనల్లో ఆడించడాన్ని ప్రభుత్వం 1998 లోనే నిషేధించింది. కాబట్టి వేరే దారి లేదు. ఇలాంటి సీన్లు తీసే చోట ఒక బూడిదరంగు బంతి, అద్దంలా మెరిసే ఇంకో బంతి పెట్టి ఫోటో తీస్తారట. వెలుతురు ఎటునుంచి పడుతోందో, నీడ ఎంత గాఢంగా ఉందో వాటి మీద తెలుస్తుంది. లేని పులికి అదే వెలుతురు, అదే నీడ ఇస్తారు. ఆ సినిమాకి గ్రాఫిక్స్ చూసిన శ్రీనివాస్ మోహన్‌కి జాతీయ అవార్డు వచ్చింది. అబద్ధాన్ని ఎంత బాగా అల్లావని పిలిచి మరీ ఇచ్చిన బహుమతి అది!

రాత్రి వాడు పడుకున్నాక నాకు నిద్ర పట్టలేదు. మేడ మీంచి మేడ మీదికి దూకడం నేను ఇంతకుముందే చూశాను. సినిమాలో కాదు. 2001 మే నెలలో, ఇదే ఘాజియాబాద్‌లో.

కాలా బందర్ గుర్తుందా? నల్లకోతి మనిషి. మొదటి వార్తలు మా ఘాజియాబాద్ వైపు నుంచే వచ్చి ఢిల్లీ అంతా పాకాయి. ఎర్రటి కళ్ళు, ఇనుప గోళ్ళు, నెత్తిన హెల్మెట్, కాళ్ళకి స్ప్రింగులు. ఢిల్లీ పోలీసులు ఊహాచిత్రాలు విడుదల చేశారు, పట్టిచ్చినవారికి 50,000 రూపాయలన్నారు. ఎండాకాలం, కరెంటు కోతలు, జనమంతా మేడల మీదే పడక. మా వీధి మగవాళ్ళం కర్రలు పట్టుకుని వంతులవారీగా కాపలా కాశాం.

నా వంతు రోజున, రాత్రి రెండు దాటాక, ఎదురింటి నీళ్ళ ట్యాంకు మీంచి నల్లగా ఏదో మా పిట్టగోడ మీదికి దూకింది. "ఆ గయా!" అని అరిచాను. మేడ మీద ఉన్న నలభైమందీ ఒక్కసారిగా మెట్లమీద పడ్డారు. అద్దెకున్నవాళ్ళ పదేళ్ళ పిల్లవాడు వాళ్ళ కాళ్ళకింద పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

పొద్దున్న అందరూ అడిగారు. ఎర్రటి కళ్ళు చూశానని చెప్పాను. అబద్ధమని తెలిసి చెప్పలేదు, చూశాననే అనుకున్నాను. ఆ కళ్ళు ముందురోజు పేపర్లోవి. సాయంత్రం మేడ మీది పక్కలు తీస్తుంటే పిట్టగోడ మూల ఎదురింటివాళ్ళ కూలరు మీద కప్పే నల్ల ప్లాస్టిక్ పట్టా దొరికింది. గాలికి ఎగిరొచ్చింది. మడిచి సజ్జమీద దాచేశాను. ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. ఆఫీసులో రూపాయి తేడా వస్తే రాత్రి ఎనిమిదైనా కదలని మనిషిని, ఆ ఒక్క వోచరూ దాచాను.

తర్వాత వైద్యులు కొంతమంది బాధితుల్ని పరీక్షించి ఇది సామూహిక భయమేనని తేల్చారు. కానీ ఈలోగా మేడల మీంచి పడి చచ్చిపోయినవాళ్ళు చచ్చిపోయారు.

చీకట్లో తాడుని చూసి పామనుకున్నాడని మనం ఎదుటివాణ్ణి ఎగతాళి చేస్తాం. నా తలలో ఆ రాత్రి జరిగింది మా మేనల్లుడు చేసే పనే. పట్టాకి కళ్ళు అతికించాను, గోళ్ళు అతికించాను, వెలుతురూ నీడా కుదిర్చాను. ఒక్క పైసా ఖర్చవలేదు, అర సెకనులో అయిపోయింది. తేడా ఒక్కటే. వాడు చెరిపిన తాడుని అడిగితే చూపిస్తాడు. నేను దాచుకున్నాను. విభూతి సృష్టించే బాబా కూడా దాచుకుంటాడు. బాబాని నిలదీసే హక్కు నాకు ఉండాలంటే ముందు నా సజ్జ ఖాళీ చెయ్యాలి.

మర్నాడు మేనల్లుడికి ఇదంతా చెప్పాను. మా ఆవిడ వంటింట్లోంచి వింటూనే ఉంది. వాడు నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "ఆ పిల్లాడికి చెప్పావా మామయ్యా?" అన్నాడు.

వాళ్ళు ఇల్లు మారి చాలా ఏళ్ళయింది. ఆ అబ్బాయికి ఇప్పుడు ముప్పై నాలుగో ముప్పై అయిదో ఉంటాయి. కాలా బందర్ వల్ల చెయ్యి విరిగిందని తన పిల్లలకి చెబుతూ ఉండొచ్చు. పాత ఇంటాయన దగ్గర వాళ్ళ నెంబరు దొరుకుతుందేమో కనుక్కుంటున్నాను.