ఏనాటి మన్నా ఆనాటికే

మా వదినగారికి 2018లో బరువు తగ్గుటకు గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ జరిగింది. దేవుని కృపవలన షుగరు అదుపులోనికి వచ్చింది, మోకాళ్ళ నొప్పులు తగ్గాయి. ఇంటిల్లిపాదిమి ప్రభువును స్తుతించాము.

ఈ ఆపరేషన్‌లో పొట్టను చిన్న సంచిగా చేసి, ఆహారము చిన్నప్రేగు మొదటి భాగమునకు తగలకుండా మళ్ళిస్తారు. ఇనుము, కాల్షియం ఎక్కువగా ఒంటబట్టేది ఆ భాగములోనే. బి12 విటమిన్ పట్టుటకు పొట్టలో ఊరే రసము కావాలి. కాలేయములో బి12 నిలువ కొన్ని సంవత్సరములు సరిపోతుంది గనుక లోపము ఆలస్యముగా బయటపడుతుంది. అరికాళ్ళ తిమ్మిరి, ఆయాసము, మతిమరుపు కనబడితే వయసు మీదపడిందని ఊరుకోరాదు.

అందుకే వదినగారు జీవితాంతము మాత్రలు వాడాలి. ఇనుము మాత్రకు, కాల్షియం మాత్రకు మధ్య రెండు గంటలు ఎడమివ్వాలి. ఇనుము మాత్ర టీతో వేసుకోరాదు. పళ్ళెములో ముందు గ్రుడ్డు, చేప, పప్పు, తరువాతే అన్నము. రోజుకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఏటేటా రక్తపరీక్ష తప్పదు.

“స్వస్థత పొందాక మాత్రలెందుకు? విశ్వాసము లేదా?” అని కూడికలో కొందరు అడిగారు. మేము ప్రార్థనాపూర్వకముగా ఆలోచించాము. అరణ్యములో దేవుడు ఇశ్రాయేలీయులకు మన్నా ఇచ్చాడు. అయినా ఏ రోజుది ఆ రోజే కూర్చుకొనవలసి వచ్చింది. అది అవిశ్వాసము కాదు, విధేయత. పాస్టరుగారి సలహాపై శ్రమల దినములలో వదినగారు భోజనము మానరు. ఆ సమయమును ప్రార్థనలో గడుపుతారు.

ప్రియులారా, మీ సంఘములో ఇట్టివారుంటే మాత్రలు మానమనకండి. పరీక్షకు తోడుగా వెళ్ళండి.