చిలియాడ్ కొండెక్కిన మా గూడెం బస్సు

ఇది గేమ్ గురించిన పోస్టు. చదువుకునే టైంలో గేములేంట్రా అని పెద్దన్నలు అంటారని తెలుసు. చివరిదాకా చదివి తిట్టండి.

మా రూంలో ముగ్గురం, ఒకే గూడెం. మా ఇళ్లలో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. రూంలో ఉన్న పాత కంప్యూటర్ ఉద్యోగం వచ్చి వెళ్లిపోయిన సీనియర్ అన్నది. "వాడుకోండి, పాడు చెయ్యొద్దు" అని ఇచ్చాడు. అందులో జీటీఏ శాన్ ఆండ్రియాస్ ఉంది. 2005లో కంప్యూటర్‌కి వచ్చిన గేమ్, ఇంచుమించు మా ఈడుదే. ఆ డొక్కు కంప్యూటర్‌లోనూ బాగానే నడుస్తుంది.

అందులో చిలియాడ్ అని కొండ ఉంది. పైకి మట్టిరోడ్డు, పక్కన లోయ. చూడగానే "మన ఘాటే రా" అనుకున్నాం. మా గూడేనికి బస్సు రాదు. జంక్షన్లో దిగి 6 కిలోమీటర్లు నడవాలి. గేమ్‌లోనైనా మన బస్సుని కొండెక్కిద్దాం అనిపించింది.

మోడ్ అంటే గేమ్‌లో ఉన్న ఫైల్ బదులు మన ఫైల్ పెట్టడం. బస్సుకి రెండు ఫైళ్లు: ఆకారానికి డీఎఫ్ఎఫ్, పైన రంగులకీ రాతలకీ టీఎక్స్‌డీ. ఈ రెండూ జీటీఏ3 డాట్ ఐఎంజీ అనే పెద్ద ఫైల్ లోపల ఉంటాయి. మేం నేరుగా దాంట్లోనే చెయ్యి పెట్టాం. ముందు కాపీ తీసుకోవాలని తెలుసు, కానీ ఎవడికివాడు పక్కోడు తీశాడనుకున్నాడు. గేమ్ లోడింగ్ దగ్గరే మూసుకుపోయింది.

ఆ రాత్రి మెస్సులో అన్నం దిగలేదు. అన్న ఏళ్ల తరబడి ఆడి దాచుకున్న సేవ్‌లు కూడా పోయాయనుకున్నాం. రెండు రోజులు దాచి, మూడో రోజు స్పీకర్ పెట్టి ముగ్గురం ఒకేసారి చెప్పేశాం. అన్న నవ్వాడు. "సేవ్‌లు గేమ్ ఫోల్డర్‌లో ఉండవురా, డాక్యుమెంట్స్‌లో ఉంటాయి. సెటప్ డీ డ్రైవ్‌లో ఉంది, మళ్లీ వేసుకోండి. ఈసారి మోడ్ లోడర్ వాడండి" అన్నాడు.

అదే మా కళ్లు తెరిపించింది. మోడ్ లోడర్ ఉంటే అసలు ఫైళ్లని ముట్టుకోనక్కర్లేదు. దాని ఫోల్డర్‌లో మన బస్సు ఫోల్డర్ పడేస్తే గేమ్ అదే తీసుకుంటుంది. వద్దనుకుంటే ఆ ఫోల్డర్ తీసేస్తే చాలు, పాత బస్సు వచ్చేస్తుంది.

ఎవరో చేసిన ఎర్ర బస్సు దొరికింది. దాని బోర్డు మీద మా గూడెం పేరు పెయింట్‌లో తెలుగులో రాశాం. ఒక పక్క సరిగ్గా వచ్చింది, రెండో పక్క అద్దంలో చూసినట్టు తిరగబడింది. రెండు పక్కలకీ ఒకటే బొమ్మ వాడతారట.

సంత రోజు మాలో ఒకడి నాన్న రాజ్మా మూట దించి రూంకి వచ్చాడు. బస్సు కొండెక్కుతుంటే చూశాడు. ఆయనకి చదువు రాదు.

"బోర్డు మీద ఏం రాసుంది?"

"మన ఊరే నాన్నా."

కాసేపు చూసి, "ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగాడు.

గేమ్ అని చెప్పడానికి మాకు నోరు రాలేదు. పైదాకా నడిపి చూపించాం.

మొన్న అన్న కంప్యూటర్ తీసుకెళ్లడానికి వచ్చాడు. ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఇవ్వాలని బస్సు ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని గేమ్‌లోంచి తీసేశాం. తర్వాత ఒకసారి గేమ్ తెరిచి చూశాం. రోడ్డు మీద వాళ్ల పాత బస్సే తిరుగుతోంది.